ఒక ఉద్యోగం, ఇరవై రెండు పాళ్ళు

కరకపుట్టులో ఏసీ మెకానిక్ ఒకడున్నాడంటే కింద అరకు సంతలో జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఆ ఊరికి చలి చుట్టంగా రాదు, అక్కడే పుట్టి అక్కడే పెరిగింది. కార్తీకం దాటిందంటే మేఘాలు కొండ దిగి, తలుపైనా తట్టకుండా ఇళ్ళల్లోకి దూరి పొయ్యి చుట్టూ కూర్చుంటాయి. ఒకరోజు సోని గంజి వార్చడానికి వచ్చేసరికి ఆమె పీట మీద బలిసిన మేఘం ఒకటి కాళ్ళు చాపుకుని ఉందట. చీపురు తిరగేసి నాలుగు తగిలించి బయటికి గెంటింది. అది ఏడ్చుకుంటూ పోయి పాచిపెంట ఊరి మీద రెండు రోజులు కురిసింది. అలాంటి ఊళ్ళో సోని మరిది ఫల్గుణ మూడు నెలలు శిక్షణకు పోయి, గదిని చల్లబరిచే విద్య నేర్చుకొచ్చాడు.

నేర్పింది ప్రభుత్వమే. నిరుద్యోగం పోగొట్టాలంటే గిరిజన యువకుడికి చేతిలో ఒక విద్య ఉండాలన్నారు. సరేనని వెళ్ళాడు. తర్వాత తేనెటీగల పెంపకం అన్నారు, వెళ్ళాడు. కుట్టుమిషనన్నారు. హోటల్లో చేతిగుడ్డను హంసలాగా మడతపెట్టడమన్నారు. డిగ్రీ కాగితం కాక అలాంటివి ఆరు సర్టిఫికెట్లయ్యాయి. వాటిని నాయనమ్మ అప్పలనర్సమ్మ గోనెసంచిలో చుట్టి అటక మీద చోడి విత్తనాల పక్కన పెట్టింది. ఏటా తొలకరికి విత్తనాలు దించేటప్పుడు ఆ సంచిని కూడా విప్పి చూసేది.

"ఆటికీ ఆ చినుకే, ఈటికీ ఆ చినుకే. ఆటికి మొలకొత్తాది, ఈటికి బూజొత్తాది. ఏటి విత్తనాల్రా ఇవి?" అని మనవడిని అడిగేది.

ఫల్గుణకి ఆ మాట కంటే పేడనీళ్ళ బాధే ఎక్కువ.

ఆ పేడనీళ్ళ సంగతి చెప్పుకోవాలి. చైత్రంలో ఇటుకల పండగకి మగవాళ్ళు అడవికి వేటకెళ్ళడం ఆ కొండల్లో తాతలనాటి ఆచారం. వేట తెచ్చినవాడికి డప్పు. ఉత్త చేతులతో వచ్చినవాడికి ఊరి మొదట్లోనే ఆడవాళ్ళు ఎదురొచ్చి, "ఓలమ్మ, మగోడొచ్చినాడు, దారియ్యండే" అని పాడి, కుండెడు పేడనీళ్ళు నెత్తిన పోస్తారు. ఇప్పుడు అడవిలో కుందేలు తోక ముట్టుకున్నా ఫారెస్టువాళ్ళు ఊరుకోరు. వేట ఆగిపోయింది. పేడ ఆగలేదు, నీళ్ళు ఆగలేదు, ఆడవాళ్ళ నోరూ ఆగలేదు. ఎవరో ఒకరి మీద పోయాలి కదా! అరకులో జాబ్ మేళాలు మొదలయ్యాక వాళ్ళకి మళ్ళీ పని దొరికింది. తెల్లారే ఇస్త్రీ చొక్కా వేసుకుని కొండ దిగినవాడు సాయంత్రం ఏ కాగితమూ లేకుండా ఎక్కి వస్తే, అది ఉత్తచేతి వేట కాక మరేమిటి?

ఫల్గుణ ఏడు మేళాలకు వెళ్ళాడు. ఏడు చొక్కాలు పేడరంగు తిరిగాయి.

మేళాకి వచ్చే కంపెనీలవి ఎప్పుడూ అవే మాటలు. అనుభవం ఉందా అంటారు. ఉద్యోగం ఇస్తే వస్తుందండీ అంటే నవ్వుతారు. బైక్ ఉందా అంటారు. చెన్నై వస్తావా అంటారు. సరే వస్తానంటే కబురు చేస్తామని నంబరు రాసుకుంటారు. కరకపుట్టులో ఫోన్ సిగ్నల్ అంటూ ఉన్నది ఒక్కచోటే, ఊరి పైన ఉన్న పనసచెట్టు మూడో కొమ్మ మీద. కబురొస్తుందని ఫల్గుణ ఆ కొమ్మ మీద ఎన్నాళ్ళు కూర్చున్నాడంటే, కాకులు అతనికి అలవాటుపడి అతని జేబులో పుల్లలు పేర్చడం మొదలుపెట్టాయి.

ఎనిమిదో మేళాలో మాత్రం పేరు పిలిచారు.

సర్వేశ్వరరావు అనే ఆఫీసరు పిలిచాడు. సాలూరు మనిషి. మెడలో తాడు, తాడుకి గుర్తింపు కార్డు, ఎప్పుడూ తుడుచుకునే కళ్ళజోడు. కొత్త పథకమొకటి వచ్చింది, పేరు 'గిరి ఉపాధి'. ఊరికొక 'ఉపాధి మిత్ర'ని పెడతారు. అతను తన ఊళ్ళో పని లేనివాళ్ళెవరో ఇంటింటికీ తిరిగి రాయాలి. వాళ్ళకి లోన్లు, శిక్షణలు, మేళాలు ఎక్కడున్నాయో చెప్పాలి. ఫారాలు నింపాలి. ప్రతి నెలాఖరున లెక్క పైకి పంపాలి. జీతం ఉంది.

"నీ ఊరి లెక్క సరిగ్గా ఉంటే నీ పోస్టుకి ఢోకా లేదు, ఫల్గుణా" అన్నాడు సర్వేశ్వరరావు, చేతిలో ట్యాబు పెడుతూ.

ఆ రోజు ఫల్గుణ కొండ ఎక్కలేదు, కొండే కిందికి వంగి అతన్ని ఎక్కించుకుందంటారు. ఊరి మొదట్లో సోని కుండతో సిద్ధంగా ఉంది. ట్యాబు చూపించేసరికి చెయ్యి ఆగిపోయింది.

"నిజమేనేటి మరిదీ? ఎవుల్దైనా ఎత్తుకొచ్చీసినావా?"

"నా ఫొటో ఉంది సూడు వదినా, లోపల."

"ఓలమ్మ! మరిది అద్దంలోకెక్కీసినాడే! డప్పులు తెండి!" అని సోని కుండ పక్కన పెట్టి గెంతింది. ఆ రాత్రంతా థింసా ఆడితే ఊరి నేల జానెడు దిగింది. పొద్దున్న చూస్తే ఇళ్ళన్నీ మెట్టు ఎత్తుకి వచ్చి ఉన్నాయి.

పొద్దెక్కాక ఊరి పెద్ద గంగరాజు ఇరవై రెండు ఇళ్ళ వాళ్ళనీ పిలిచి, పోగైన అడ్డాకుల్లోంచి ఇరవై రెండు ఆకులు తీసి నేల మీద వరసగా పరిచాడు. వేట మాంసాన్ని పంచేది అలాగే. బాణం ఎవరిదైనా, పాళ్ళు ఇంటికొకటి. కొట్టినవాడికి అదనంగా తలకాయ, అంతే.

ఫల్గుణ ఆకుల ముందుకి వచ్చాడు. "తాతా, ఇది ఉద్యోగం. దుప్పి కాదు."

"కాదని నాకు తెల్దేటి? దుప్పి రెండు రోజులు తింటే అయిపోద్ది. ఇది నెలనెలా వొత్తాది గదా. ఇంకా బాగా పంచాల."

"గవర్మెంటోళ్ళు నాకిచ్చినారు తాతా. నా పేరు మీద."

"మీ బాబు బతికినన్నాళ్ళు ఒక్క పిట్టనైనా కొట్టినాడా?" గంగరాజు గట్టిగా అనలేదు, గుర్తు చేశాడంతే. "మరి నీకు చిన్నప్పుడు కండెక్కడి నుంచొచ్చింది? ఈ ఆకుల్లో నుంచి గాదా?"

ఫల్గుణ అప్పలనర్సమ్మ మొహం చూశాడు. ఆమె నేల చూసింది. అంటే గంగరాజు చెప్పింది నిజమే. పక్కింటి మల్లేశు, ఫల్గుణకి బావ వరస, దగ్గరికొచ్చి భుజం గిల్లాడు.

"ఏడవకు బావా. తలకాయ నీకే."

ఆ తలకాయ మాటే నిజమైంది. ట్యాబు ప్రతి పొద్దున్నా ఫల్గుణ మొహం చూస్తేనే హాజరు వేసుకుంటుంది. కాబట్టి మొహం ఫల్గుణది, కాళ్ళు ఆ రోజు వంతు వచ్చిన ఇంటివి. తెల్లారే ఫల్గుణ, వంతువాడు ఇద్దరూ పనసచెట్టెక్కి మూడో కొమ్మ మీద హాజరు వేసుకుని దిగేవారు. తర్వాత ట్యాబు వంతువాడి చేతికి పోయేది. నెల తిరిగి జీతం రాగానే గంగరాజు సంత నుంచి ఉప్పు, ఎండుచేపలు, సబ్బులు, చెప్పులు తెప్పించి ఆకుల్లో పాళ్ళు వేశాడు.

ఫల్గుణ లోపల ఉడికిపోయాడు. ఏడుసార్లు తడిసింది తనొక్కడే. అప్పుడు పేడనీళ్ళకి పాళ్ళు వెయ్యలేదేం?

కానీ చిత్రమేమిటంటే, పని మాత్రం ఏ ఊళ్ళోనూ జరగనంత బాగా జరిగింది. సోని వంతు రోజున ఆమె మూడు కొండలవతల బ్యాంకుకి నడిచి, మేనేజరు భోజనానికి లేవబోతే గుమ్మంలో అడ్డంగా కూర్చుని, తొమ్మిది ఫారాలకు ముద్రలు వేయించుకొచ్చింది. మల్లేశు తన రోజున కాఫీ గింజలు ఆరబెట్టే కల్లం కోసం అర్జీ రాయించాడు. గంగరాజు చదువు రానివాడు కాబట్టి తన వంతున ట్యాబు నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి, "పని కావాల్నా ఒద్దా, నోటితో సెప్పండి, ఇది ఇంటంది" అన్నాడు. ఒక్కడు చేయాల్సిన పని ఇరవై రెండిళ్ళు పోటీపడి చేశాయి. చూస్తూ చూస్తూ ఫల్గుణ కోపం కూడా కొంత చల్లారింది, చల్లబరచడం అతను నేర్చిన విద్యే కదా.

మూడో నెలాఖరున ట్యాబులో కొత్త లెక్క వచ్చింది. ఊళ్ళో పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతివాడినీ ఒకే ప్రశ్న అడగాలి. 'ఈ నెలలో జీతం వచ్చే పని ఒక్కరోజైనా చేశారా?' అవును, లేదు అని రెండు గళ్ళు.

మొదట మల్లేశుని అడిగాడు.

"సేసినాను గదా బావా. మంగళారం."

ఫల్గుణ వేలు గడి మీద ఆగింది. ఏదో ముల్లు గుచ్చుకున్నట్టనిపించింది. "నేదని రాసీనా బావా? ఆ ఉద్యోగం నాది గదా, నీది కాదు."

మల్లేశు వెనక్కి జరిగాడు. "ఎండుచేపలు తిన్నాను, కొత్త చెప్పులు తొడుక్కున్నాను. తిన్న పాలు తిన్లేదని సెప్తే మల్లా అడవిలో అడుగెట్టనిత్తాదేటి కొండదేవత? నీకేటన్నా పిచ్చా?"

వేట పాలు తిని తినలేదన్నవాడి కాళ్ళకి అడవిలో దారి దొరకదని ఆ కొండల్లో నమ్మకం. ఏ ఇంటి గుమ్మంలో నిలబడినా అదే జవాబు. సేసినాం. సేసినాం. అప్పలనర్సమ్మ అయితే, "రెండుసార్లు సేసినాను, రెండని రాయి" అని పట్టుబట్టింది. రాస్తూ రాస్తూ ఫల్గుణకి ఒక ఆశ పుట్టింది. ఒక్క ఉద్యోగం ఇస్తేనే ఊరు ఊరంతా ఇంత పని చేస్తోందని పైవాళ్ళు చూస్తారు. చూస్తే ఊరుకుంటారా? ఇరవై రెండూ ఇచ్చేయరూ? ఆ ఆశతోనే పనసచెట్టెక్కి లెక్క పంపేశాడు. పైన కొమ్మ మీద కూర్చుని, వచ్చే ఉద్యోగాల్లో ఏది ఎవరికని ఆలోచించాడు కూడా. వదినకి బ్యాంకులో. గంగరాజు తాతకి తహసీల్దారు.

పది రోజులకి జీపు వచ్చింది. ముందు సీట్లో సర్వేశ్వరరావు, వెనక ఒక కెమెరా మనిషి, వాళ్ళిద్దరి మధ్య తలుపంత రేకు బోర్డు. 'నిరుద్యోగ రహిత గ్రామం, కరకపుట్టు' అని ఆకుపచ్చ అక్షరాలు. ఊరంతా పోగయింది. సర్వేశ్వరరావు ఫల్గుణకి శాలువా కప్పాడు. కెమెరా మనిషి నవ్వమన్నాడు, నవ్వాడు.

"జిల్లాలో మొట్టమొదటి ఊరు మీది" అన్నాడు సర్వేశ్వరరావు. "సున్నా! ఒక్క నిరుద్యోగి కూడా లేడు. పైనవాళ్ళు చాలా సంతోషించారు."

"మరి ఎన్ని తెచ్చినావు బాబూ?" అన్నాడు గంగరాజు.

"ఏమిటి?"

"ఉద్యోగాలు."

సర్వేశ్వరరావు కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "అదీ... ఫల్గుణా, రూల్ ఒకటుంది. నిరుద్యోగులు లేని ఊరికి ఉపాధి మిత్ర ఉండడు. పోస్టు రద్దయింది. ట్యాబు తీసుకురమ్మన్నారు."

ఫల్గుణ భుజం మీంచి శాలువా దానంతటదే జారిపోయింది.

"సార్, ఆళ్ళందరూ సేసింది నా ఉద్యోగమే సార్. ఒక్కటే. అదొక్కటే పంచుకున్నాం."

"అవును, విన్నాను."

"దాన్ని తీసీత్తే ఊరంతా నిరుద్యోగులే గదా సార్! అందరికీ ఒకేపాలి పోద్ది!"

"అర్థమైందయ్యా. కానీ లెక్క లాక్ అయిపోయింది."

"తాళం ఎవుల్దగ్గరుంది?" అన్నాడు గంగరాజు. "సెప్పు, నానెల్లి అడుగుతాను. ముసిలోడ్ని సూసి తీత్తారు."

"అలాంటి తాళం కాదు తాతా."

"పోన్లెండి సార్" అని ఫల్గుణ గొంతు తగ్గించి బతిమాలాడు. "వొచ్చే నెల లెక్కలో సున్నా ఉండదు. అందరూ నేదనే రాత్తారు. అప్పుడు మల్లా పోస్టు ఇత్తారు గదా?"

"ఇవ్వాలి. రూలు ప్రకారం ఇవ్వాలి."

"లెక్క ఎవులు రాయాల?"

"ఉపాధి మిత్ర."

"ఉపాధి మిత్ర ఎవులు సార్?"

సర్వేశ్వరరావు నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోకి ఒక ఈగ వెళ్ళి, లోపలంతా తిరిగి, చెప్పడానికేమీ లేదని చూసుకుని బయటికి వచ్చింది.

అప్పటిదాకా సోని వెనక ఉంది. ఇప్పుడు ముందుకి వచ్చింది. చంకలో కుండ ఉంది.

"ఏటి తెచ్చినావు బాబూ?" అని మెత్తగా అడిగింది.

"బోర్డు, అమ్మా."

"అది కూరొండుకుంటామా?"

"అది గౌరవం..."

"అంటే ఉత్తచేతుల్తో వొచ్చినావు." సోని మిగతా ఆడవాళ్ళ వైపు తిరిగింది. "ఓలమ్మ, మగోడొచ్చినాడు, దారియ్యండే!"

కుండ లేచింది. ఆ మనిషి తడిస్తే ఇంక ఏ పోస్టూ రాదని ఫల్గుణకి అనిపించిందో, మరే మిత్రధర్మమో గానీ, చేతులు చాపి మధ్యలోకి దూకాడు. సోని కుండ చిన్నదేం కాదు. సగం ఫల్గుణ మీద, సగం ఆఫీసరు మీద, మిగిలిన సగం బోర్డు మీద పడింది. మూడు సగాలు పట్టే కుండ అది.

కెమెరా మనిషి ముందే జీపెక్కేశాడు.

ఇద్దరూ ఊరి పక్క గెడ్డ నీళ్ళలో దిగి కడుక్కున్నారు. అప్పలనర్సమ్మ ఒడ్డున చోడంబలి పెట్టుకుని కూర్చుంది. సర్వేశ్వరరావుకి మల్లేశు పంచె కట్టించారు. అంబలి తాగుతూ అతను కోప్పడలేదు, కేసు పెడతాననలేదు. గిన్నె కింద పెట్టి, "నాదీ కాంట్రాక్టే ఫల్గుణా" అన్నాడు. "నువ్వనుకుంటున్నంత ఆఫీసర్ని కాదు."

"అయితే మీరేటి సెయ్యలేరా సార్?"

"నువ్వు చెయ్యగలిగినంతే."

ట్యాబు తీసుకుని వెళ్ళిపోయాడు. బోర్డు ఊరి మొదట్లో ఉండిపోయింది. గంగరాజు ఊరికే పోనిస్తాడా? అడ్డాకులు పరిచి, రేకుని ఇరవై రెండు ముక్కలు కోయించి పాళ్ళు వేశాడు. ఫల్గుణ పాలుకి వచ్చిన ముక్కతో అప్పలనర్సమ్మ కోళ్ళగూటికి చిల్లు మూసింది. మూసి, "ఇన్నాళ్ళకి ఒకటి పనికొచ్చింది" అంది.

తొమ్మిదో మేళా వానాకాలం చివర్లో పడింది. ఫల్గుణ ఎనిమిదో చొక్కా వేసుకుని దిగాడు. గేటు దగ్గర టేబుల్ వేసుకున్న అమ్మాయి ఊరి పేరు అడిగి కంప్యూటర్లో కొట్టింది. మళ్ళీ కొట్టింది.

"కరకపుట్టులో నిరుద్యోగులు లేరండి."

"నాను ఉన్నాను గదండీ."

"లిస్టులో సున్నా ఉందండి. ఇది నిరుద్యోగులకి పెట్టిన మేళా."

"ఎదురుగుండా నిలబడ్డాను, సూడండి! ఆరు సర్టిఫికెట్లున్నాయి. ఏసీ బాగుచేత్తాను, హంస మడతెడతాను..."

"లైన్ ఆగిపోతోందండి. పక్కకి జరగండి కాస్త."

ఫల్గుణ జరిగాడు. గేటు బయట కల్వర్టు గోడ మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా మండిపోతోంది. ఉద్యోగం లేదన్నా ఏడుసార్లు ఓర్చుకున్నాడు. ఇప్పుడు లేనివాడివి కూడా కాదంటున్నారు. రాయి తీసి రోడ్డు అవతలి బురదలోకి విసిరాడు. ఆ రాయి ఎంత కోపంగా వెళ్ళిందంటే, డొంకరాయి డ్యాములో పడి చేపలు లేచాయంటారు.

ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. చూస్తే సర్వేశ్వరరావు. మెడలో కార్డు లేదు, తాడు కూడా లేదు. చంకలో ఫైలు ఉంది.

"మీరేటి సార్ ఇక్కడ?"

"మేళాకి."

"పిలిసే టేబులు లోపలుంది గదా సార్?"

"పిలవడానికి కాదయ్యా. పిలిపించుకోవడానికి." కళ్ళజోడు తీశాడు గానీ తుడవలేదు. "మీ ఊరు సున్నా అయ్యాక, మిగతా ఊళ్ళు ఎందుకు కాలేదని అడిగారు. రోజూ అడిగారు. చేశాను. మండలమంతా సున్నా అయింది. నిరుద్యోగమే లేని మండలానికి ఉపాధి ఆఫీసరు దేనికన్నారు."

ఫల్గుణకి తిట్టాలనిపించింది. నవ్వొచ్చింది. రెండూ ఒకేసారి గొంతులో ఇరుక్కుని దగ్గు వచ్చింది. సంచిలో నాయనమ్మ కట్టిచ్చిన ఉడికిన చిలగడదుంపలున్నాయి. ఆకు విప్పాడు. చెయ్యి దానంతటదే రెండు పాళ్ళు వేసింది. ఒకటి సర్వేశ్వరరావు ముందుకి జరిపాడు.

ఇద్దరూ తింటూ గేటు వైపు చూశారు. లోపల మైకులో ఎవరెవరి పేర్లో పిలుస్తున్నారు.

"సాలూర్లో ఉత్తచేతుల్తో ఇంటికెల్తే ఏటి సేత్తారు సార్? పేడనీళ్ళు పోత్తారా?"

"పొయ్యరు" అన్నాడు సర్వేశ్వరరావు. దుంప తొక్క తీశాడు. "అన్నం పెడతారు. మంచం వేస్తారు. ఎవరూ మాట్లాడరు."

ఫల్గుణ తినడం ఆపి అతని వైపు చూశాడు. తర్వాత మిగిలిన దుంపలు ఆకులో చుట్టి, సంచి భుజాన వేసుకుని లేచాడు.

"లెగండి సార్. బేగి నడిత్తే సీకటడకుండా మా ఊరెల్లిపోతాం. వదిన కుండ మీకు తెలిసిందే గదా, ఇద్దరికీ సరిపోద్ది."